సత్తెమ్మ తెచ్చిన కుసుమ నూనె

ఒక మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డంపడి ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. ముఖం తెలియని మీకైతే తేలిగ్గా చెప్పేయొచ్చనుకున్నాను. తేలికేం కాదని ఈ రెండు వాక్యాలు రాసేసరికే తెలిసింది.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడు, విమానాలకు భోజనాలు పంపే ఒక వంటశాలలో సలాడ్ల దగ్గర పనిచేసేవాణ్ణి. మాది గోదావరి జిల్లా. నా పక్కన కూరగాయలు తరిగే సత్తెమ్మది విమానాశ్రయం దగ్గర్లోనే, మామిడిపల్లి. నాకంటే పదేళ్లు పెద్దది, తమ్మీ అని పిలిచేది. ఇద్దరమూ కాంట్రాక్టు వాళ్లమే. పర్మినెంటు ఖాళీ ఒక్కటే ఉంది.

ఆ రోజుల్లో మాకొక చిక్కు వచ్చిపడింది. సలాడ్ మీద పోసుకోవడానికి నిమ్మరసం, ఆవపొడి, నూనె కలిపి చిన్న డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెడితే, తెల్లారేసరికి నూనె పేరుకునేది. వేరుశనగ నూనె పేరుకుంది. ఖరీదైన ఆలివ్ నూనె కూడా అంతే. పెద్ద చెఫ్ రోజూ నా మీద విరుచుకుపడేవాడు.

ఒకరోజు సత్తెమ్మ ఇంటి నుంచి చిన్న సీసా తెచ్చింది. కుసుమ నూనె. వాళ్ల చేలో పండిన ఆఖరి పంటది. ఆ చేను అప్పటికే ప్లాట్లయిపోయింది.

"గిది చలికి గడ్డ కట్టది తమ్మీ. మా అమ్మ జొన్నరొట్టె మీద ఉల్లిగడ్డ, కారం ఏసి పచ్చిగనే పోసేది. పొయ్యి మీద ఎక్కువ కాల్చొద్దు, ఖరాబైతది. క్యారెట్ ఉత్తగ తింటే ఒంటికి పట్టది, జర నూనె తగలాలె. గట్లని మస్తు పొయ్యొద్దు, ఒక చెంచా చాలు."

నేను నోరెళ్లబెట్టాను. క్యారెట్‌లోని విటమిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలని, కుసుమ నూనెలో గడ్డకట్టని కొవ్వులే ఎక్కువని నేను డిప్లొమా పరీక్షలో రాసినవాణ్ణి. అయినా ఫ్రిజ్ ముందు నిలబడి దిక్కులు చూశాను. ఆమె కీరదోస తరుగుతూ, చేతిలో కత్తి ఆపకుండా చెప్పేసింది. ఎంత గొప్ప మనిషి!

ఆ నూనెతోనే కలిపి పెట్టి, మర్నాడు పొద్దున డబ్బాలు తీస్తే నూనె తేటగా, లేత బంగారు రంగులో కదులుతోంది. చెఫ్ రుచి చూశాడు. మళ్లీ చూశాడు. ఎవరి ఆలోచన అని అడిగాడు.

"నాదే సార్. మా అమ్మ ఇలాగే చేస్తుంది."

అమ్మనెందుకు లాగాను? నాదే అని ఊరుకుంటే సరిపోయేది కదా? ఇప్పటికీ నాకు అర్థం కాదు. సత్తెమ్మ వెనకే కీరదోస ట్రేతో నిలబడి ఉంది. చెఫ్ వెళ్లాక నా దగ్గరకొచ్చింది.

"మీ అమ్మ పేరేంది తమ్మీ?"

"సుబ్బలక్ష్మి."

"మా అమ్మ పేరు ఎల్లమ్మ" అంది. వెళ్లి మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

పర్మినెంటు నాకొచ్చింది. కాంట్రాక్టు ముగిశాక సత్తెమ్మ రాలేదు. మామిడిపల్లి ఎంత దూరమని? ఒక్కసారైనా వెళ్లలేదు. ఆమె తిడుతుందని కాదు, కూర్చోబెట్టి రొట్టె పెడుతుందని భయం.

కొత్తగా చేరినవాళ్లకు ఆ కుసుమ నూనె కలపడం నేనే నేర్పిస్తాను. ఎవరు నేర్పారని అడిగితే మా అమ్మ అంటాను.

మా అమ్మ ఏనాడూ కుసుమ నూనె చూడలేదు. నాకు చెప్పింది సత్తెమ్మ. సత్తెమ్మకు చెప్పింది ఎల్లమ్మ. ఆ రెండు పేర్లు నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.