కొక్కేనికి వేలాడిన జెర్సీ

జట్టులోంచి ఎవరిని తీసేస్తున్నారో ఆ మనిషికంటే ముందు ఒరెస్ట్ హ్నాట్యుక్‌కి తెలిసేది. అతను కోచ్ కాదు, యజమాని కాదు. మంచు మీద జారే స్కేట్ల ఇనప అంచులకు పదును పెట్టి, జెర్సీల మీద పేర్లు కుట్టే మనిషి. ఒకడిని పంపించాలంటే ముందు వాడి పేరు విప్పాలి కదా. ఆ మాట మొదట అతని చెవినే పడేది.

అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు స్టర్జన్ మిల్స్ అనే ఊళ్ళో, పెద్ద వీధిలో బూట్లు బాగుచేసే కొట్టు నడిపాడు. చలికాలం వచ్చిందంటే ఊళ్ళో పిల్లలందరి స్కేట్లూ ఆ కొట్టుకే వచ్చేవి. మొద్దుబారిన స్కేటు అతని చేతిలోంచి బయటికి వెళ్ళడం ఎవరూ ఎరగరు. కాగితం మిల్లు మూతపడ్డాక జనం వలస పోయారు, కొట్టూ మూతపడింది. సరిగ్గా అప్పుడే దక్షిణాన ఉన్న నగరం నుంచి ఎవరో పెద్దమనుషులు వచ్చి ఊరికి జీతాల మీద ఆడే మంచు హాకీ జట్టును తెస్తామన్నారు. లాగర్స్, అంటే దుంగలు కొట్టేవాళ్ళు, అని పేరు పెట్టారు. మంచు పరిచి ఆడే పాత రింక్‌కి రంగులేశారు. ఒరెస్ట్‌ని పిలిచి పదును పెట్టుకోవడానికి డ్రెస్సింగ్ రూమ్ గుమ్మం పక్కన కిటికీ లేని గది ఒకటిచ్చారు. మిల్లు పోయినా హాకీ వచ్చిందిలే అని ఊరు ఊరంతా సంబరపడింది. ఒరెస్ట్ అందరికంటే ఎక్కువ సంబరపడ్డాడు.

ఆ సంబరం అక్టోబరు దాటలేదు. తొమ్మిది ఆటల్లో ఎనిమిది ఓడారు. గెలిచిన ఆ ఒక్కటీ అవతలి జట్టు బస్సు మంచులో కూరుకుపోయి, వాళ్ళు తోసి తోసి నడుములు పడిపోయి వచ్చిన రోజున. కోచ్ హార్గ్రోవ్‌కి తెలిసిన వైద్యం ఒక్కటే, మనుషుల్ని మార్చడం. అయిదు వారాల్లో ఒరెస్ట్ ఆరు పేర్లు విప్పి ఆరు పేర్లు కుట్టాడు. విప్పిన అక్షరాలు బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు, మళ్ళీ పనికొస్తాయని.

మంచు చదునుచేసే బండి తోలే బెర్నీ ఆ డబ్బా చూసి నవ్వేవాడు. "పేర్లు కుట్టడం దేనికి ఒరెస్టూ, బొత్తాలు పెట్టేసెయ్. వచ్చినోడు తగిలించుకుంటాడు, పోయేటోడు పీకి పెట్టి పోతాడు."

"నోరు మూసుకుని బండి తోలుకో," అనేవాడు ఒరెస్ట్. కోపం మాత్రం బెర్నీ మీద కాదు.

పదిహేడో నంబరు జెర్సీ రీనో మాకెలాది. ఇరవై నాలుగేళ్ళవాడు, ఉత్తరాన రెండు గంటల దూరంలో ఉన్న కలప పల్లెవాడు. ఆరేళ్ళ వయసులో వాళ్ళ నాన్న తోయివో చెయ్యి పట్టుకుని ఒరెస్ట్ కొట్టుకి వచ్చాడు. తోయివో దుంగల లారీ తోలేవాడు. మాట తక్కువ. పదును పెట్టిన స్కేటును తీసుకుని బొటనవేలి గోటి మీద మెల్లగా గీసేవాడు. గోటి మీంచి సన్నటి పొట్టు లేస్తే తల ఊపేవాడు, లేవకపోతే స్కేటును మళ్ళీ బల్ల మీద పెట్టేవాడు. రెండోసారి పదును పెట్టాల్సిన అవసరం ఒరెస్ట్‌కి రెండే సార్లు వచ్చింది.

ఆట ఉన్న రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఆడేవాళ్ళ జెర్సీలు పొద్దున్నే కొక్కేలకు వేలాడుతుంటాయి. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఆ రోజు కోటు తొడుక్కుని జనంలో కూర్చోవాలి. ఊళ్ళో జరిగిన మొదటి ఆటకు తోయివో ఒక రోజు పని పోగొట్టుకుని వచ్చాడు. ఆ రోజు రీనో కొక్కెం ఖాళీ. తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చుని జట్టు ఓడిపోవడం చూశారు.

"నువ్వు ఆడుతుంటే చూద్దామని వచ్చి నీ పక్కన కూర్చున్నాను," అన్నాడు తోయివో వెళ్ళేటప్పుడు. "ఆ పని ఇంట్లో కూడా చేసుండేవాళ్ళం. ఈసారి జెర్సీ వేలాడ్డం నీ కళ్ళతో చూశాకే ఫోన్ చెయ్యి."

ఆ తర్వాత రీనో ఆడిందల్లా బయటి ఊళ్ళలోనే. ఫోన్ చేసే రోజు కోసం కాచుకుని కూర్చున్నాడు. అది ఒరెస్ట్‌కి బాగా తెలుసు.

నవంబరు రెండో వారం, గురువారం మధ్యాహ్నం. హార్గ్రోవ్ పదును గదిలోకి తల పెట్టాడు. "పదిహేడు విప్పెయ్. రేపు పొద్దున కొత్తవాడు దిగుతున్నాడు, రాత్రికి ఆట ఉంది."

"రీనోకి చెప్పారా?"

"పొద్దున నేనే చెప్తా. నువ్వు ఎవరితోనూ అనకు."

ఒరెస్ట్ జెర్సీని ఒళ్ళో వేసుకుని కుట్లు విప్పే కత్తి తీశాడు. ఆరు పేర్లు విప్పిన చెయ్యి ఏడో పేరు దగ్గర ఆగిపోయింది. వాడికింకా తెలియకుండానే వాడి పేరు ఎలా పీకడం? పొద్దున కోచ్ చెప్పనీ, అరగంట పని, అప్పుడు విప్పొచ్చు అనుకున్నాడు. జెర్సీని తీసుకెళ్ళి మిగతావాటితో పాటు కొక్కేనికి తగిలించాడు. రీనో స్కేట్లు మొద్దుబారి ఉన్నాయి. అలా వదిలేయడం చేతకాలేదు. ఈ రింక్‌లో వాడికిదే ఆఖరుసారి అని ఎన్నడూ పెట్టనంత బాగా పదును పెట్టాడు. అది దయే. అందులో పిరికితనం కూడా ఉంది. ఆ రెండోది ఒరెస్ట్ ఒప్పుకోవడానికి ఇంకో రోజు పట్టింది.

తెల్లారేసరికి మంచు దంచి కొట్టింది. రోజూ ఎనిమిదింటికల్లా వచ్చే హార్గ్రోవ్, రోడ్డు మీద మంచు తోడే బండి వెనక ఇరుక్కుపోయాడు. రీనో మాత్రం ఎనిమిదింబావుకి వచ్చాడు. డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళాడు, నిమిషంలో బయటికి వచ్చాడు. పదును గది గుమ్మం పక్కనే, నడవలో, డబ్బులేసి మాట్లాడే ఫోన్ ఉంది.

"నాన్నా, వేలాడుతోంది."

ఒరెస్ట్ చేతిలో ఎవరిదో స్కేటు ఉంది.

"లేదు, నేనే చూశా. ముట్టుకుని కూడా చూశా. స్కేట్లకి పదును పెట్టి ఉంది... ఒరెస్ట్ బాబాయే... కదా మరి, ఆయన పొరపాటు పడడుగా."

మూడడుగుల దూరం. గుమ్మం దాకా వెళ్ళి ఆ ఫోన్ పెట్టేయరా అంటే సరిపోయేది. ఒరెస్ట్ పదును పెట్టే మిషను వేశాడు. నిప్పురవ్వలు లేచాయి. చేతిలో ఉన్న స్కేటు అప్పటికే పదునుగా ఉంది. అయినా నడవలో మాట ఆగేదాకా రాస్తూనే ఉన్నాడు.

రీనో లోపలికి తొంగిచూశాడు. మొహం వెలిగిపోతోంది. "నాన్న వస్తున్నాడు బాబాయ్. దారి బాగోలేదని ఇప్పుడే బయల్దేరతానన్నాడు."

"ఈ మంచులోనా?"

"ఆయనకి మంచేంటి బాబాయ్, లారీలో పుట్టినట్టే ఉంటాడు."

"రీనో."

"ఊఁ?"

"ఎడమ స్కేటుకి లోపలి అంచు కొంచెం ఎక్కువ తీశాను. నీ మడమ లోపలికి వాలుతుంది కదా."

"నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది అది," అని రీనో వెళ్ళిపోయాడు.

తొమ్మిదిన్నరకి హార్గ్రోవ్ వచ్చాడు. రీనోని గదిలోకి పిలిచాడు. అయిదు నిమిషాలు పట్టింది. బయటికొచ్చిన రీనో తిన్నగా ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. తోయివో అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు. రీనో మూడుసార్లు ప్రయత్నించి పదును గదిలోకి వచ్చాడు.

"నీకెప్పుడు తెలుసు బాబాయ్?"

"నిన్న మధ్యాహ్నం."

"నేను ఫోన్‌లో మాట్లాడుతుంటే ఇక్కడే ఉన్నావు."

"ఉన్నాన్రా."

"మిషను వేశావు. పనిలో ఉన్నావనుకున్నా."

అరిచి ఉంటే ఒరెస్ట్‌కి తేలికగా ఉండేది. వాడు అరవలేదు. తన సంచీ సర్దుకోవడానికి వెళ్ళాడు, చేతిలోని స్కేట్లు మాత్రం ఒరెస్ట్ బల్ల మీద వదిలేశాడు. వెనకే హార్గ్రోవ్ వచ్చాడు. "విప్పమన్నాను కదయ్యా. నువ్వు విప్పి ఉంటే వాడు ఫోన్ చేసేవాడే కాదు." ఆ సీజన్ మొత్తంలో హార్గ్రోవ్ చెప్పిన సరైన మాట అదొక్కటే. అదే ఒరెస్ట్‌ని ఎక్కువ కాల్చింది.

పదకొండింటికి కొత్తవాడు దిగాడు. ఒరెస్ట్ పాత పేరు విప్పాడు. ముదురాకుపచ్చ గుడ్డ మీద సూది రంధ్రాలు అలాగే ఉండిపోయాయి. వాటి మీదే కొత్త పేరు కుట్టాడు.

రెండు గంటల దారికి తోయివోకి నాలుగున్నర గంటలు పట్టింది. రీనో బయట మంచులో నిలబడి ఉన్నాడు, ఎప్పట్నుంచో తెలియదు. ఒరెస్ట్ వెనక తలుపు సందులోంచి చూశాడు. కొడుకు ఏదో చెప్పాడు. తండ్రి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కడే లోపలికి వచ్చాడు.

"వాడి స్కేట్లు ఇక్కడున్నాయట."

ఒరెస్ట్ అందించాడు. తోయివో ఒకటి తీసుకుని, అలవాటుగా, బొటనవేలి గోటి మీద గీశాడు. తెల్లటి పొట్టు చుట్టలా లేచింది.

"ఇంత బాగా ఎప్పుడూ పెట్టలేదు నువ్వు."

"తోయివో, నేను చెప్పాల్సింది. నోరు రాలేదు."

"ఊళ్ళో మనకి తెలిసినవాడు ఒకడున్నాడులే అని ధైర్యంగా ఉండేవాళ్ళం," అన్నాడు తోయివో. స్కేట్లను కోటు కింద పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఈసారి తల ఊపలేదు.

ఆ ఆట కూడా ఓడిపోయారు. ఆ తర్వాతి ఆటా ఓడిపోయారు.

పది రోజులకు హార్గ్రోవ్ మళ్ళీ తల లోపలికి పెట్టి, "అయిదు," అన్నాడు. అయిదో నంబరువాడు పందొమ్మిదేళ్ళవాడు, పొద్దున పూట ఒరెస్ట్‌కి కాఫీ తెచ్చిపెట్టేవాడు. చెప్పారా అని ఒరెస్ట్ అడగలేదు. కోచ్ అడుగుల చప్పుడు నడవలో వినబడుతుండగానే మొదటి కుట్టు తెంపాడు. పావుగంటలో పేరు మొత్తం బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళిపోయింది. కొక్కెం ఖాళీ చేశాడు. తర్వాత ఆ కుర్రాడి స్కేట్లు చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజు సాధనతో అంచులు పూర్తిగా మొద్దుబారి ఉన్నాయి. మిషను వైపు చూశాడు, వేయలేదు. స్కేట్లు అలాగే సంచీలో పెట్టి, పొద్దున్నే వాడికి కనబడి సంగతి అర్థమయ్యేలా గుమ్మం దగ్గర ఉంచాడు. అన్నేళ్ళలో అతని చేతి మీదుగా మొద్దుగా బయటికి వెళ్ళిన మొదటి జత అది.