జవాబు మాస్టారి చొక్కా జేబు

మా చెల్లెలి మొగుడికి ఆ ఊళ్ళో అసలు పేరుతో పని లేదు. పిల్లలూ పెద్దలూ జవాబు మాస్టారనే పిలుస్తారు. ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవాడు కాదు. ఆస్పత్రిలో రక్తపరీక్షల గదిలో టెక్నీషియను. ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే మైక్రోస్కోపు. వంగి వంగి చూసి మెడ కాస్త ముందుకు సాగింది. వీధిలో నడుస్తున్నా నేలమీద కణాల్ని లెక్కపెడుతున్నట్టే ఉంటాడు.

ప్రతి ఉదయం మొదటి రోగి రక్తం ముట్టుకునే ముందు ఫ్రిజ్‌లోంచి ఒక చిన్న సీసా తీస్తాడు. దాన్ని కంట్రోల్ అంటారు. అందులో ఏది ఎంతుందో తయారుచేసినవాళ్ళు కాగితం మీద వేసి పంపుతారు. ముందు దాన్ని మెషీన్లో పెట్టాలి. కాగితం చెప్పిన అంకే మెషీనూ చెబితే ఆ రోజు మెషీన్ని నమ్మొచ్చు. తేడా వచ్చిందా, ఎవరొచ్చి నెత్తిన కూర్చున్నా రిపోర్టు గడప దాటదు. ఒకసారి పెద్ద డాక్టరుగారే వచ్చి తొందరపెడితే, "సార్, మెషీను అబద్ధమాడుతోంది. దాని తరఫున మీరు సంతకం పెడతానంటే చెప్పండి, ఇప్పుడే ఇచ్చేస్తా" అన్నాట్ట. పెద్ద డాక్టరుగారు గొణుక్కుంటూ వెళ్ళిపోయారట.

ఇంత ఖచ్చితమైన మనిషి ఆదివారం మధ్యాహ్నం ఇంకో మనిషి. ఆరాధన అయ్యాక మందిరం వెనక హాల్లో గంటసేపు ప్రశ్నల పెట్టె నడుపుతాడు. సిరంజీలు వచ్చిన అట్టపెట్టెకి తెల్లకాగితం అంటించి పైన చీలిక కోశాడు. విశ్వాసం గురించి ఎవరికి ఏ అనుమానం ఉన్నా, పేరు లేకుండా చీటీ రాసి అందులో వెయ్యొచ్చు. కాలేజీ పిల్లలు వాళ్ళ క్లాసుల్లో విన్నవీ, సినిమాల్లో చూసినవీ రాసి వేస్తారు. కోట్ల ఏళ్ళ కిందటి ఎముకల సంగతేమిటి? నక్షత్రం వెలుగు ఇక్కడికి రావడానికే లక్షల ఏళ్ళు పడితే సృష్టి లెక్క ఎలా కుదురుతుంది? సినిమాలో రోబోకి ప్రేమ పుట్టింది కదా, అది చచ్చిపోతే పరలోకానికి వెళుతుందా?

ఆ రోబో ప్రశ్న వచ్చిన రోజు నేనూ ఉన్నాను. "ముందు దాన్ని ఆదివారం పొద్దున్నే లేపి మందిరానికి తీసుకురండి, తర్వాత చూద్దాం. మనుషుల్ని లేపడానికే పాస్టరుగారికి తల ప్రాణం తోక్కొస్తోంది" అన్నాడు బావ. హాలంతా నవ్వు. నవ్వు తగ్గనిచ్చి, "దానికి ఏడుపు రాసిపెట్టింది మనిషి. మరి మనిషికి ఏడుపు ఎవరు రాశారు? అది ఆలోచించండి" అన్నాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేనూ విన్నాను, అబద్ధమెందుకు.

ఈ జవాబుల కోసం బావ చూడని సినిమా లేదు. "ప్రభువు సేవ కోసం దయ్యాల సినిమాలు చూస్తున్నారన్నయ్యా మీ బావగారు. ఆ తర్వాత వంటింట్లోకి నీళ్ళకెళ్ళాలన్నా నన్ను తోడు రమ్మంటున్నారు" అంటుంది మా చెల్లెలు.

ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవాలి. నేను ఒకచోట నిలిచే మనిషిని కాను. రైల్వే వెయిటింగు రూముల్లోనూ, అద్దె గదుల్లోనూ, ఎక్కడ లైబ్రరీ తలుపు తెరిచి ఉంటే అక్కడా నా బతుకు గడిచింది. దేవుడున్నాడని వాదించినవాళ్ళనూ చదివాను, లేడని వాదించినవాళ్ళనూ చదివాను. ఇన్నేళ్ళకి నాకు అర్థమైంది ఒకటే. ఇద్దరూ తమకి జవాబు తెలిసిన ప్రశ్నల్ని ఎంచుకుని మహా ధైర్యంగా వాటిమీద పడతారు. ఈ సంగతి తెలిసీ, మూడేళ్ళ కిందట పెట్టె కొత్తగా పెట్టినప్పుడు బావకి నేనిచ్చిన సలహా ఏమిటో తెలుసా?

అప్పట్లో పెట్టెలో చీటీలు పడేవి కావు. బావ ఖాళీ పెట్టె పట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. "ఇదెంత పని బావా! సభల్లో అందరూ చేసేదే. నాలుగు ప్రశ్నలు మనమే రాసి జేబులో ఉంచుకోవాలి. చెయ్యి పెట్టెలో పెట్టేటప్పుడు చీటీ చేతిలోనే ఉండాలి. జనం కాస్త వేడెక్కాక వాళ్ళే రాస్తారు" అన్నాను. అని ఊరుకున్నానా, పసుపు కాగితం మీద మూడు చీటీలు నా చేత్తోనే రాసిచ్చాను. నోటికొచ్చిన సలహా పారేసి మర్నాడు బస్సెక్కడం నాకు అలవాటు. సలహా మాత్రం అక్కడే కాపురం పెడుతుంది.

ఈసారి ఏడాదిన్నర తర్వాత వెళ్ళాను. ఆదివారం హాల్లో వెనక బెంచీలో కూర్చున్నాను. బావ చెయ్యి ముందు చొక్కా జేబు దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాత పెట్టెలోకి వెళ్ళింది. తీసిన చీటీ నక్షత్రం వెలుగుది. పసుపు రంగు కాగితం. నా చీటీ! మూడేళ్ళలో మడతల దగ్గర అరిగి బట్టముక్కలా అయింది. పెట్టె మాత్రం ఖాళీగా లేదు. కదిపినప్పుడల్లా లోపల చీటీలు గరగరమంటూనే ఉన్నాయి.

"మళ్ళీ నక్షత్రమేనా మాస్టారూ? పోయిన నెలే కదా వెలుగొచ్చింది?" అని ఒక పిల్లవాడు అరిచాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

మర్నాడు టీ వేళకి పరీక్షల గదికి వెళ్ళాను. స్పిరిట్ వాసన, గోడవారగా స్లైడ్ల పెట్టెలు, తుడిచి తుడిచి రంగుపోయిన బల్ల.

"ఏమిటి బావా ఆ పని? పెట్టె నిండా చీటీలు పెట్టుకుని నా పాత కాగితం చదువుతావేం?" అన్నాను.

బావ చేతులకున్న గ్లౌజులు విప్పాడు. సొరుగు తెరిచి, ఒక కవరులోంచి చిన్న చీటీ తీసి నా ముందు పెట్టాడు. ఒక పక్క టేపు కొలతలు, జాకెట్టువి. నీలం సుద్దముక్క మరక. రెండో పక్క పెన్నుతో రాసిన నాలుగు వాక్యాలు.

"మా చెల్లి కోసం మీరంతా ప్రార్థన చేశారు. మీరు చెప్పిన పిల్ల బతికింది. మా చెల్లి బతకలేదు. తప్పు ఎవరి ప్రార్థనలో ఉంది?"

"ఎవరిది?" అని అడిగాను.

"కూడలి దగ్గర బట్టలు కుట్టే ఆవిడ ఉంది కదా, వాళ్ళ పెద్దమ్మాయిది. పేరు లేకపోతేనేం, కొలతల కాగితమే చెబుతోంది. ఇది పెట్టెలో పడి పదకొండు వారాలు. మొదటి ఏడు వారాలూ మూడో వరసలో కూర్చుంది బావగారూ. నేను చెయ్యి పెట్టినప్పుడల్లా నా చేతినే చూసేది. ఎనిమిదో వారం నుంచి రావడం మానేసింది."

"మీరు చెప్పిన పిల్ల అంటే?"

బావ చెప్పాడు. ఆవిడ చిన్నకూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, జ్వరాలతో ఆస్పత్రిలో చేరింది. గురువారం ఆ పిల్ల రక్తం స్లైడు మైక్రోస్కోపులో చూసింది బావే. ఉండకూడని తెల్లకణాలు స్లైడు నిండా ఉన్నాయి, రక్త క్యాన్సరు. ఇన్నేళ్ళ అనుభవంలో అలాంటి స్లైడు తర్వాత ఏం జరుగుతుందో అతనికి తెలుసు. రిపోర్టు డాక్టరుకి పంపాడు. ఇంట్లోవాళ్ళకి చెప్పడం డాక్టరు పని, టెక్నీషియను నోరు విప్పకూడదు. అంతవరకూ తప్పులేదు. కానీ ఆ ఆదివారం హాల్లో తల్లీ పెద్దకూతురూ ముందువరసలో కూర్చున్నారు. సైన్సు కూడా తలవంచిన సాక్ష్యం అంటూ ఫోన్లో ఎవరో పంపిన వీడియో సంగతి బావ చెప్పాడు. ఎక్కడో ఇదే జబ్బుతో ఉన్న పిల్ల ప్రార్థనతో లేచి కూర్చుందిట, డాక్టర్లు కాగితాలు చూసి నోరెళ్ళబెట్టారట. మూడు వారాలకి ఈ పిల్ల పోయింది.

"ఆ వీడియో నిజమేనా?"

"నేను చూళ్ళేదు. నిజమో కాదో చూళ్ళేదు." బావ ఫ్రిజ్ వైపు చూపించాడు. "ముప్పై ఏళ్ళుగా కంట్రోల్ వెయ్యకుండా ఒక్క అంకె బయటికి పంపలేదు బావగారూ. ఆ మాటకి మాత్రం ఏ కంట్రోలూ వెయ్యలేదు. పైగా ఈ పదకొండు వారాలూ ఏం చేశానంటారు? జవాబు ముందే తెలిసిన సీసానే మళ్ళీ మళ్ళీ మెషీన్లో పెట్టాను. బాగా వస్తోంది, బాగా వస్తోంది అనుకున్నాను. రోగి రక్తం ఈ సొరుగులో ఉంది."

ఓదార్చాలని నోటిదాకా వచ్చింది. మంచి మాటలు నా దగ్గర సంచీ నిండా ఉంటాయి. కానీ ఆ సీసా పద్ధతి నేర్పింది నేనే కదా. అందుకని, "పద, ఆ అమ్మాయి దగ్గరికి వెళదాం" అన్నాను. అతన్ని నడిపించడానికో, నేను ఒంటరిగా ఆ గదిలోంచి బయటపడలేకో, ఇప్పటికీ తెలియదు.

దుకాణం చిన్న గది. రెండు మిషన్లు, కత్తిరించిన ముక్కలు మూటలుగా. లోపలి మిషను మీద తల్లి కుడుతోంది. అమ్మాయి బల్లమీద గుడ్డ పరిచి సుద్దతో గీస్తోంది. ఇరవై ఏళ్ళుంటాయి.

"రండి మాస్టారూ, కూర్చోండి. ఇదిగో ఆ స్టూలు" అంది తల్లి, కాలు ఆపకుండానే. ఆ మర్యాదకి బావ ఇంకా కుంచించుకుపోయాడు.

చీటీ తీసి బల్లమీద పెట్టాడు. "ఇది నాకు అందిందమ్మా. మొదటి వారమే అందింది."

అమ్మాయి దాన్ని చూసి సుద్ద కింద పెట్టింది. "నాకు తెలుసు అంకుల్. ఆ వారమే మీ వేళ్ళ మధ్యకి వచ్చింది కూడా. నీలం మరక కనబడింది. మళ్ళీ లోపలికి తోసేశారు."

"నా దగ్గర జవాబు లేదమ్మా."

"రోబోకి ఉంది. నక్షత్రానికి ఉంది. దీనికే లేదా?"

"లేదు."

"సరే, ఇంకోటి అడుగుతా, దీనికైనా చెబుతారా? చెల్లి రక్తం మీరేగా చూసింది? ఆ వీడియో సంగతి చెప్పిన ఆదివారానికి మీకు తెలుసా?"

నేను బావ వైపు చూడలేదు. నేలమీద పడ్డ దారప్పోగుల్ని చూశాను.

"తెలుసు" అన్నాడు.

లోపల మిషను ఆగింది.

తల్లి ఇటు తిరగలేదు. "వచ్చే ఏడాదికి యూనిఫాం కుట్టాను మాస్టారూ" అంది గోడవైపు చూస్తూనే. "ఎదిగే పిల్ల కదా అని అంచు లోపలికి మడిచి, నాలుగు వేళ్ళు వదిలాను. ఆస్పత్రిలో దాని పక్కన కూర్చుని అదే కుట్టాను. అమ్మా నా దగ్గర పడుకోవే అని అడిగింది. ఉండవే, ఈ గుండీలు అయిపోనీ అన్నాను. మీరు చెప్పారుగా, లేచి కూర్చుంటుందని."

మిషను మళ్ళీ మొదలైంది. బావ బల్లమీది చీటీని అరచేత్తో సాపు చేశాడు. క్షమించమని అడగడానికి కూడా ఒక అర్హత ఉండాలేమో.

చివరికి, "నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు అమ్మాయితో.

"ఇక్కడికొచ్చి మా ఇద్దరికే చెప్పి వెళితే ఎలా అంకుల్? ఆ మాట అందరి ముందూ చెప్పారు. ఇదీ అక్కడే చెప్పండి."

ఇంటికొచ్చాక మా చెల్లెలు సంగతంతా విని, ప్లేట్లు కడుగుతూ, "అన్నయ్యా, నువ్వు ఇంకో వారం ఉండు. ఈసారి మధ్యలో బస్సెక్కితే నేను ఊరుకోను" అంది. ఉన్నాను.

ఆదివారం హాలు ఎప్పటిలాగే నిండింది. పిల్లలు ఏదో కొత్త సినిమా గురించి గుసగుసలాడుకుంటున్నారు. బావ లేచి ముందు చొక్కా జేబులోంచి పసుపు చీటీలు మూడూ తీసి బల్లమీద పెట్టాడు.

"ఇవి పెట్టెలోవి కావు. నా జేబులోవి. మూడేళ్ళుగా నాకు కష్టమైన చీటీ తగిలినప్పుడల్లా వీటినే చదివాను."

"అవి రాసింది నేను" అన్నాను వెనక నుంచి. ఎందుకన్నానో, ఎవరికి ఉపయోగమో! తలలు ఇటు తిరిగాయి. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

అప్పుడే గుమ్మం దగ్గర ఆ అమ్మాయి కనబడింది. లోపలికి రాలేదు. మెడలో టేపు అలాగే ఉంది.

బావ నీలం మరక చీటీ విప్పి చదివాడు. చదవడం అయ్యాక తలెత్తాడు. "ఆ వీడియో నిజమో కాదో నేను చూడలేదు. ఆ పిల్ల స్లైడు మాత్రం చూశాను. చూసి కూడా మీ ముందు ఆ కథ చెప్పాను. మన దేవుడు గెలవాలని చెప్పాననుకున్నాను. గెలవాలనుకుంది నేను. ఆ తల్లి దగ్గర మూడు వారాలు దొంగిలించాను." చీటీ మడిచాడు. "ఇందులోని ప్రశ్నకి జవాబు నాకు తెలీదు. నమ్ముతున్నాను, కానీ తెలీదు."

నక్షత్రం గురించి ఎగతాళి చేసిన పిల్లవాడు తల వంచుకున్నాడు. నేను గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను.

అందరూ వెళ్ళాక బావ కుర్చీలు సర్దుతూ, తల ఎత్తకుండా అడిగాడు. "ఆ అమ్మాయి ఉందా బావగారూ చివరిదాకా?"

ఉందని చెప్పడం ఎంత తేలికో! ఏడుస్తూ నిలబడిందనీ, మనసు కుదుటపడినట్టుందనీ, ఇలాంటివి పదైనా చెప్పగలను. జీవితమంతా చెప్పాను.

"లేదు, వెళ్ళిపోయింది" అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు తెలీదు అన్న తర్వాత."

బావ చేతిలోని కుర్చీని మెల్లగా గోడకి ఆనించాడు.

"అయితే వింది" అన్నాడు.