నా లైబ్రరీలో 'గారు' అందరికీ ఒకటే

ఇంటికొచ్చి రెండు గంటలైనా ఒకచోట కూర్చోబుద్ధి కావట్లేదు. కోడింగ్ నాకు ఎవరూ నేర్పలేదు, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నా. పైథాన్లో చిన్న లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ముక్క, రాశా. పేరు, టైము ఇస్తే మెసేజ్‌ని పద్ధతిగా అమర్చుతుంది, పేరు పక్కన 'గారు' చేరుస్తుంది. అంతే దాని పని.

ఇవాళ తెనాలి నుంచి చుండూరు వైపు ఒక రైస్ మిల్లుకెళ్లి, పనోళ్లకి మెసేజ్‌లు పంపే వాళ్ల కంప్యూటర్లో అది పెట్టా. మొదటి మెసేజ్ బస్తాలు కుట్టే మరియమ్మకి వెళ్లింది. ఫోన్ నాకిచ్చి చదవమంది. "మరియమ్మ గారు, రేపు ఎనిమిదికి పనికి రండి" అని చదివా.

ఓనరు పడీపడీ నవ్వాడు. "బస్తాలు కుట్టేదానికి గారేంటయ్యా? కూలోళ్లకి తీసెయ్."

"ఒకళ్లకి తీస్తే అందరికీ పోద్దండి. రోజూ మీకొచ్చే మెసేజ్‌లో కూడా."

"నాక్కూడానా?"

"లైబ్రరీ అంతేనండి."

ఆయన స్క్రీన్ మీద తన పేరు కాసేపు చూసుకున్నాడు. "సర్లే, ఉండనీ."

మరియమ్మ గారు తలెత్తకుండా కుట్టుకుంటూనే ఉన్నారు.

నిజానికి ఒక్క లైన్ మారిస్తే చాలు, కొందరికే 'గారు' తీసెయ్యొచ్చు. చెప్పలేదు. రేపు ఇంకెవడైనా కోడ్ తెరిచి చూస్తే నా అబద్ధం బయటపడుద్ది, ఈ పనీ పోద్ది. మీరైతే ఆ లైన్ ఎక్కడుందో చెప్పేవాళ్లా?