ఫోన్‌లో తాళం

అఖిల పెళ్లికి ముందు సత్తెనపల్లిలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. భర్త ప్రేమ్‌చంద్ గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజరు. పొద్దున్నే వెళ్లి చీకటిపడ్డాక వచ్చేవాడు. "ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, నీకు ఉద్యోగం ఎందుకు?" అని మాన్పించాడు.

కొత్త ఇల్లు కట్టాక హాల్లో, వంటింట్లో కెమెరాలు పెట్టించాడు. వీధి తలుపుకు ఫోన్‌తో పనిచేసే తాళం వేయించాడు. లోపలివాళ్లు తీయాలన్నా అతని ఫోనే కావాలి. పెరటి గ్రిల్లు తాళంచెవి అతని జేబులో ఉండేది. ఏసీ కూడా అతని ఫోన్‌లోంచే నడిచేది. చూడవచ్చిన చుట్టాలు "అదృష్టవంతురాలివే అమ్మాయ్" అన్నారు.

"పక్కింటి జైతున్‌బీతో అంతసేపు ఏంటి కబుర్లు?" అని కెమెరాలోంచి అతని గొంతు వినపడేది. రాత్రి మాటకు మాట చెబితే, మర్నాడు రోళ్లు పగిలే ఎండలో ఏసీ ఆగిపోయేది. ఒకసారి అతను తలుపు తీస్తే కూరగాయలకు వెళ్లి ఆలస్యంగా వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. సాయంత్రం దాకా మెట్లమీదే కూర్చుంది. తల్లికి చెబితే "కొట్టట్లేదుగా, సర్దుకో" అంది.

అఖిల సర్దుకోలేదు. అప్పటినుంచి ఆ గొంతు వినపడగానే చున్నీ చాటున ఫోన్‌లో రికార్డు చేయసాగింది.

అత్తగారు సుబ్బరావమ్మకు ఉబ్బసం. ఒకరోజు మధ్యాహ్నం ఆయాసం ముంచుకొచ్చింది. తలుపు తీయమని అఖిల ఫోన్ చేస్తే ప్రేమ్‌చంద్ కట్ చేశాడు. కెమెరాలోంచి మాత్రం పలికాడు.

"మా అమ్మను అడ్డంపెట్టుకుని బయటికి పోదామనా?"

సుబ్బరావమ్మ తలెత్తింది. "ఒరేయ్, నేన్రా... ఊపిరాడట్లేదు."

"నువ్వూ దాని పాటే పాడుతున్నావా అమ్మా?" అన్నాడు. తలుపు మాత్రం తీయలేదు.

అఖిల కిటికీలోంచి కేక పెట్టింది. పక్కింటి జైతున్‌బీ గునపంతో పరుగెత్తుకొచ్చి బయటినుంచి తాళం సందులో పొడిచింది. లోపల అఖిల రుబ్బురోలు పొత్రంతో మోదింది. చివరికి తలుపు చెక్క చీలి తాళం ఊడింది. ఇద్దరూ పెద్దావిడను ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చారు. ఆక్సిజన్ పెట్టాక ఆవిడ తేరుకుంది.

అత్తగారు ఇంటికొచ్చాక ఆమెను తీసుకుని అఖిల స్టేషనుకు వెళ్లింది.

"భద్రతకోసం కెమెరా పెట్టుకుంటే కేసేంటమ్మా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"భద్రత ఎవరికండీ? మా ఇంటి తలుపు మా చేత్తో తీసుకోలేకపోయాం." అఖిల రికార్డులు వినిపించింది.

హెడ్ కానిస్టేబుల్ ఇంకా తటపటాయిస్తుంటే సుబ్బరావమ్మ బల్ల పట్టుకుని లేచింది. "నా కొడుకేనండి. తలుపేసింది వాడే. రాసుకోండి."

ప్రేమ్‌చంద్ ఇంటికి రాకూడదని, ఆ ఇంటి పరికరాల జోలికి పోకూడదని కోర్టు ఆదేశించింది. అఖిల కెమెరాలు తీయించి, గుంటూరులోనే ఒక ల్యాబ్‌లో మళ్లీ ఉద్యోగంలో చేరింది. అత్తను కొడుకుమీదికి ఎగదోసిందని చుట్టాలు ఆడిపోసుకున్నారు. కేసు ఇంకా నడుస్తోంది.

మొన్న డ్యూటీకి బయల్దేరుతుంటే సుబ్బరావమ్మ నసిగింది.

"అమ్మాయ్, వాడికి ఒకసారి ఫోన్ కలుపుతావా?"

"కేసు మాత్రం తీయను అత్తయ్యా."

"తియ్యమనట్లేదే. అన్నం తిన్నాడో లేదో అడుగుతా, అంతే."

అఖిల ఆవిడ ఫోన్‌లో నంబరు కలిపి చేతికిచ్చి, చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది.