రెండు జరాల గోదావరి

గోదావరి కుదురుగా ఒకచోట కూర్చునే మనిషి కాదు. బీడీలు చుట్టేటప్పుడు గోడకు ఆనుకుని కూర్చోక తప్పదు గానీ, అప్పుడు కూడా చెవులు సందులోనే ఉండేవి. నీలం నగర్‌లో ఆ వరస ఇళ్లలో ఎవరు దగ్గినా ముందు ఆమెకే తెలిసేది. జ్వరమని వింటే చాలు, చేతిలో ఆకు అక్కడే వదిలేసి, వెళ్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వచ్చేది. అలా చూసి రాకపోతే ఆమెకు అన్నం సహించేది కాదు.

మొన్నటి వానాకాలంలో ఆ జ్వరం ఆమె ఇంటికే వచ్చింది. భర్త పెంటప్ప టవల్స్ నేసే పవర్‌లూమ్ కార్ఖానా నుంచి ఒకనాడు మధ్యాహ్నమే వణుకుతూ తిరిగొచ్చాడు. దవాఖానాలో ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి, ఫ్లూ అన్నారు. అందులో ఏ, బీ అని రకాలుంటాయట, ఇది మొదటిదట. అదే వారం ఎదురింట్లో యమునాబాయి, ఆమె కూతురు ఋతుజ ఇద్దరూ మంచాన పడ్డారు. ఋతుజ స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తుంది. అక్కడ సగం మందికి అంటుకున్నది బీ రకం ఫ్లూ అని తేలింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే వాళ్లు లేరు.

ఇక గోదావరికి కాలు నిలవలేదు. ఇంట్లో పెంటప్పకు కషాయం, ఎదురింట్లో తల్లీకూతుళ్లకు జావ. ఇక్కడ ఉంటే అక్కడేమైందోనని, అక్కడ ఉంటే ఇక్కడేమైందోనని తిరిగేది.

కోడలు మయూరి నెలలు నిండుతున్న మనిషి. "అత్తమ్మా, మాస్కన్న కట్టుకో. రెండిండ్ల నడుమ గిట్ల తిరుగుతవేంది?" అంది.

"అది కడ్తే నాకు ఊపిరాడదు బిడ్డా. నాకేమైతది?"

అయింది. ముందు ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే మయూరి తనను గడప దాటనివ్వదని భయం. ఒక పొద్దున యమునాబాయికి టిఫిన్ డబ్బా పట్టుకెళ్తూ సందు మధ్యలో కళ్లు తిరిగి కూలబడింది. జావ అంతా రోడ్డు పాలైంది. కొడుకు ప్రథమేశ్ ఆమెను తన ఆటోలోనే దవాఖానాకు తీసుకెళ్లాడు.

అక్కడ డాక్టర్ శీతల్ అదే ఊళ్లో భవాని పేట్‌లో పుట్టి పెరిగిన పిల్ల; పెద్దవాళ్లను మరాఠీలో మావశీ అని, అంటే పిన్నీ అని, పిలిచేది. రిపోర్టు చూసి, మళ్లీ ఒకసారి చూసి, మంచం పక్కకు వచ్చింది.

"గోదావరి మావశీ, నీ ఒంట్ల ఒక్కటి గాదు, రెండు ఫ్లూలున్నయి. ఏ ఒకటి, బీ ఒకటి. రెండు ఒక్కసారే దొరుకుడు జెర తక్కువ, గాని అయితది. ఘాబరా పడకు, రెండింటికి గోళీ ఒకటే. ఆక్సిజన్ కొంచెం తక్కువున్నది, అందుకే ఇక్కడ ఉంచుకుంటం."

తన సంగతి ఆమెకు పట్టలేదు. "మా కోడలు కడుపుతోనున్నది డాక్టరమ్మా! దానికి నేనే అన్నం పెట్టిన, తలకు నూనె రాసిన."

శీతల్ ముఖంలో నవ్వు తగ్గింది. "జరం గాని దగ్గు గాని వస్తే ఒక్క పూట గూడ ఆగకుండ తోలుకొని రమ్మను. కడుపుతోనున్నోళ్లకు ఇది మంచిది గాదు."

ఆ తర్వాత గోదావరి మంచం మీద పడుకున్నదన్న మాటే గానీ, ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది. ప్రథమేశ్‌కు ఫోన్ చేసేది, పెట్టేసేది, మళ్లీ చేసేది. "మయూరి దగ్గుతున్నదా? నిజం చెప్పు." మంచం దిగి వార్డు తలుపు దాకా వెళ్లేది. నర్సు కసిరి వెనక్కి పంపేది. ఇటు సందులో మాట పెద్దదైంది. రెండు జ్వరాలు కలిసి కొత్త రోగం పుట్టిందట, ఆ ఇంటి నీడ కూడా పడొద్దట అని చెప్పుకున్నారు. రెండు జరాల గోదావరి అన్న పేరు అప్పుడే పడింది.

ఆమె భయపడినట్టే మయూరికి జ్వరం వచ్చింది. ప్రథమేశ్ ఆ పూటే తీసుకొచ్చాడు. పరీక్ష ఫలితం రాకముందే శీతల్ గోళీలు మొదలుపెట్టింది. తేలింది బీ ఒక్కటే. లోపల బిడ్డ బాగానే కదులుతోంది.

గోదావరి శీతల్ చెయ్యి పట్టుకుంది. "నా రెండింట్ల నుంచి ఒకటి దానికి పోయిందా? నేనే ఇచ్చిన్నా?"

"అది ఎవరు చెప్పగలరు మావశీ? నీ నుంచి రావచ్చు, బయట నుంచి రావచ్చు. నాకైతే తెల్వదు."

ఇద్దరికీ జ్వరాలు దిగాయి. ఇంటికొచ్చాక గోదావరి మయూరికి దూరంగా, ఎడంగా మసలేది. పళ్లెం గడప దగ్గర పెట్టి జరిగేది. చూసి చూసి మయూరి ఒకనాడు ఉండబట్టలేక చెప్పింది.

"నీతోని రాలేదు అత్తమ్మా. మామను నువ్వు దవాఖానకు తీస్కపోయిన నాడు నేను ఋతుజ దగ్గరికి పోయిన. జాకెట్ కొలత ఇచ్చి, దాని పక్కన్నే కూసోని చాయ్ తాగిన. నువ్వు తిడ్తవని చెప్పలే."

ఆ మాట విన్నాక గోదావరికి మనసు తేలిక కావలసింది. కాలేదు. తనను ఊరడించడానికి కోడలు కట్టిన కథేమోనని కొత్త అనుమానం మొదలైంది. ఎదురింటికి వెళ్లి ఋతుజనే అడిగింది.

"మయూరి నీ దగ్గరికొచ్చెనా, నువ్వు మంచాన పడ్డ వారం?"

"ఆ, వచ్చె మావశీ. జాకెట్ కొలతకు," అంది ఋతుజ వెంటనే. మరీ వెంటనే అన్నట్టు తోచింది గోదావరికి. జాకెట్ ఏదీ, చూపించు అని నోటి దాకా వచ్చింది. యమునాబాయి పీట జరిపి, "కూసో, చాయ్ పెడ్త" అంది. గోదావరి అడగలేదు. అలాగని కూర్చోనూ లేదు.

దసరా ముందు మయూరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. వార్డు బయట పెంటప్ప అందరికీ పేడా మిఠాయిలు పంచాడు. గోదావరి మాత్రం చేతులు సబ్బుతో కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. మాస్కు కట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది.

"అత్తమ్మా, నాకు వీపు నొస్తున్నది. జెర పట్టుకో," అంది మయూరి, ఇంకో మాటకు చోటివ్వకుండా పిల్లను చేతుల్లో పెట్టేసి.

పిల్ల తుమ్మింది. గోదావరి తలుపు వైపు తిరిగింది. "డాక్టర్‌ను పిలువుండ్రి!" అని కేకేసింది. పిల్లలు అట్లాగే తుమ్ముతారని నర్సు ఎంత చెప్పినా, శీతల్ వచ్చి చూసి నవ్వే దాకా ఆమె పిల్లను గుండెకు హత్తుకుని ఆ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉంది.