జ్ఞానస్నానం ఇవ్వని ఫాదర్

మీరు అబద్ధం చెప్పారు. యూనివర్సిటీ గేటు ఎదుట చిన్న గదిలో ఉండే ఫాదర్ మన పిల్లల మతం మారుస్తున్నాడని టీకొట్ల దగ్గర చెప్పారు, వాట్సాప్‌లో చెప్పారు, పెళ్లి భోజనాల్లో పక్క విస్తరివాడికి చెప్పారు. చెప్పనివాళ్లు విని ఊరుకున్నారు. ఆ గదిలోకి ఒక్కరూ వచ్చి చూడలేదు. ఇక చూద్దామన్నా ఆయన లేడు. పోయిన మంగళవారం పొద్దున, అనంతపురం ఆస్పత్రిలో, ఊపిరి అందక చనిపోయాడు.

నేను క్రైస్తవుణ్ని కాను. ఏ దేవుడినీ నమ్మను. ఇరవై ఏళ్లుగా నా చిన్న మాసపత్రికలో అన్ని మతాలవాళ్లతోనూ తగువు పడుతున్నాను. ఫాదర్‌తో పరిచయం కూడా తగువుతోనే మొదలయింది. ఫాదర్లంతా ఒకే అచ్చులో పోసిన ఇటుకలని, పసితనంలోనే తీసుకుపోయి గోడల మధ్య పెంచి ఒకే పాఠం వల్లె వేయిస్తారని రాశాను. ఆ సంచిక పట్టుకుని ఆయనే మా ఆఫీసుకు వచ్చాడు. నేను కూర్చోమనకముందే వంగి, నేలను అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"తాడిపత్రి బండలే. రెండో పాలిష్‌తో వదిలేసినారు. నిన్ను మోసం చేసినారప్పా."

ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆయన తాడిపత్రిలో రాళ్ల పాలిష్ షెడ్డులో కూలీ అని నాకు అలా తెలిసింది. ఎక్కడ బండ కనబడినా అలా నిమరడం ఆయనకు చివరిదాకా పోని అలవాటు.

కాలేజీ పిల్లల కోసం చర్చి నడిపే ఆ గదికి తనకంటే ముందు ముగ్గురు ఫాదర్లు వచ్చారని చెప్పాడు. మొదటాయన పటాలంలో గుమాస్తాగా చేసి వచ్చినవాడు. గుమ్మం ముందు చెప్పులు వరుసగా లేకపోతే పూజ మొదలుపెట్టేవాడు కాదట. రెండో ఆయన లెక్కల్లో పరిశోధన సగంలో వదిలేసి ఫాదర్ అయినవాడు. ఏడుస్తూ వచ్చిన విద్యార్థికి ముందు ఒక లెక్క ఇచ్చి, అది చేశాక ఏడవమనేవాడట. మూడో ఆయన కేరళలో నర్సు ఉద్యోగం చేసి వచ్చాడు. ఎవరు గుమ్మం తొక్కినా ముందు బీపీ చూసేవాడట. నాలుగోవాడు తాను.

"కాలేజీ పిల్లోళ్ల దగ్గరికి ఎవర్ని పంపాల్నో బిషప్‌కు తెలీదప్పా. యాడా ఇమడనోళ్లనంతా ఈడికి తోలుతాడు," అని నవ్వాడు. నా ఇటుకల వ్యాసం గురించి ఒక్క ముక్క కూడా అనలేదు.

మరి మిమ్మల్ని దేవుడు ఎట్లా పిలిచాడని ఎకసెక్కంగా అడిగాను. తనను ఎవరూ పిలవలేదన్నాడు. షెడ్డులో తన పక్కన పనిచేసే స్నేహితుడు ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని చనిపోయాడు. యజమాని రాలేదు, యూనియన్ రాలేదు. నేను యూనియన్ల తరఫున రాసేవాణ్ని గనక ఆ మాట నాకు తగలాలనే అన్నాడనుకుంటాను. ఎవరో ముసలి ఫాదర్ మాత్రం వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. పెద్దగా ప్రార్థన కూడా చెయ్యలేదు.

"పెద్ద మాటలు నాకు రావప్పా. కూర్చునేదైతే నాకూ వస్తాదిలే అనుకుంటి."

ముప్పైకి దగ్గరపడ్డాక, పద్దెనిమిదేళ్లవాళ్ల పక్కన ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయం బెంచీ మీద కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు దిద్దిన సంగతి చాలా కాలానికి గాని చెప్పలేదు.

ఆ గదిలో ఆయన చేసిన పని కూడా కూర్చోవడమే. గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చి ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక చదువు మానేద్దామనుకున్నవాళ్లు, కుట్టుపని చేసే ముస్లిం ఇంటి అమ్మాయిలు, బోర్లు వేసి వేసి మంచం పట్టిన రైతుల పిల్లలు, అందరూ వచ్చేవాళ్లు. ఫ్యాన్ కింద చదువుకునేవాళ్లు. దిగులు చెప్పుకుంటే వినేవాడు. మతం మాట తానుగా ఎత్తేవాడు కాదు. పరీక్షల రోజుల్లో మాత్రం అందరికీ కలిపి ఒకటే చెప్పేవాడు: "మీరు రాసేది రాయండి. నేను ఈడనే ఉంటా."

వాళ్లలో ఒక అమ్మాయి ఉంది. ఏ ఊరో, ఏ క్లాసో ఈసారి రాయను. ఒకసారి రాసి చేసిన పాపం చాలు.

మీ పుకార్లకు జవాబు చెప్పాలని పూనుకున్నాను. ఆ గది పిల్లల్ని ఎట్లా నిలబెడుతోందో చూడండి అంటూ పెద్ద వ్యాసం రాశాను. మొదటి ఏడాదంతా నోరు విప్పని దళిత అమ్మాయి ఇప్పుడు ఆదివారం పూజలో అందరి ముందూ పాట పాడుతోందని, క్లాసులో మొదట ఉందని, ఊరితో సహా రాశాను. చాలా బాగా వచ్చిందనుకున్నాను కూడా. కొన్నాళ్లకు ఆ అమ్మాయి టీచరు ఉద్యోగానికి ఎంపికయింది. ఆ వెంటనే ఎవరో నా వ్యాసం పేజీని కత్తిరించి, ఫిర్యాదుకు జతచేసి, అధికారులకు పంపారు. ఈమె క్రైస్తవురాలు, ఈమె ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు, రద్దు చెయ్యండి అని. ఉద్యోగం ఆగింది. ఎంక్వయిరీ మొదలయింది.

ఈ దేశంలో నియమం అది. మాదిగ ఇంటి పిల్ల చర్చికి మారితే ఎస్సీ కాకుండా పోతుంది. ఊరి చివరి ఇల్లు అదే, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు అదే, పిలిచే పిలుపు అదే. కాగితం మాత్రం చెల్లదు.

ఫాదర్ మళ్లీ సంచిక పట్టుకుని వచ్చాడు. ఈసారి నేల నిమరలేదు.

"బాగా రాసినావప్పా. ఆ పాపకు పాట వచ్చని రాసినావు, మంచిదే. యాడ పాడుతుందో ఎందుకు రాసినావు?"

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. భయపడి దాక్కోవడం బానిసత్వమని, నియమం తప్పయితే బయటికి వచ్చి ఎదిరించాలని, మీ చర్చి ఇన్నేళ్లూ నోరు మూసుకుని కూర్చోబట్టే ఇట్లా ఉందని అరిచాను. అంతా విన్నాడు.

"చట్టంతో నువ్వు కొట్లాడు. ఆ పాప కొలువు చేసుకోవాల. నీ కొట్లాట ఆ పాప మీద పెట్టాకు."

నిజానికి ఆ అమ్మాయి క్రైస్తవురాలు కాలేదు. కాలేదంటే, ఆయనే కానివ్వలేదు. జ్ఞానస్నానం ఇచ్చి చర్చిలో చేర్చుకోమని మూడుసార్లు అడిగిందట. మూడుసార్లూ లేదన్నాడు. "ఇప్పుడొద్దు తల్లీ. దేవునికి తొందర లేదు. నీ ఉద్యోగానికి ఉండాది," అన్నాడట. ఈ సంగతి ఆ అమ్మాయే నాకు చెప్పింది. చర్చి రిజిస్టరులో ఆమె పేరు లేదు. తాను జ్ఞానస్నానం ఇవ్వలేదని ఫాదర్ సంతకం పెట్టి ఉత్తరం ఇచ్చాడు. ఉత్తరం చాలదు, ఆయనే వచ్చి చెప్పాలని ఎంక్వయిరీ అధికారులు అన్నారు.

నేను వెంట వెళ్లాను. ఆఫీసు పై అంతస్తులో ఉంది. అప్పటికే ఆయన నాలుగు మాటలు ఆడితే ఆయాసపడుతున్నాడు. పాలిష్ షెడ్డు దుమ్మేనని డాక్టరు చెప్పాడు, ఇన్నేళ్ల తర్వాత. సగం మెట్లు ఎక్కి కూర్చుండిపోయాడు. అటెండరు స్టూలు తెచ్చాడు గాని ఫాదర్ దానిమీదికి లేవలేకపోయాడు. ఊపిరి కాస్త కుదురుకున్నాక మెట్టును నిమిరి, "మెట్లకు ఎవరన్నా ఇంత నున్నగా పాలిష్ పట్టిస్తారా? జారి పడతారు," అన్నాడు. సారు మీటింగులో ఉన్నారని, ఇంకో వాయిదా ఇస్తామని కబురు వచ్చింది. చెయ్యి పట్టుకుని దించాను.

ఆటోలో అడిగాను, ఆ పిల్లకు లేదన్నందుకు బాధ లేదా అని.

"దాహమని వచ్చిన పిల్లకు చెంబు దాచిపెట్టినోణ్ని నేను. అది ఫాదర్ చేసే పని కాదప్పా. తెలిసే చేసినా."



వాయిదా రాకముందే ఆయన పోయాడు. ఉన్న ఒక్క సాక్షీ పోయాడు.

సమాధుల తోట రాప్తాడు వైపు హైవే పక్కనే ఉంది. నేల ఎంత గట్టిదంటే తెల్లవారి నుంచి నలుగురు గడ్డపారలతో పొడిచినా మధ్యాహ్నానికి గాని గొయ్యి తెగలేదు. శవపేటిక రాకముందే గేటు దగ్గర ఫోన్లు ఎత్తిపట్టుకుని ఇద్దరు ముగ్గురు తిరుగుతున్నారు. ఎవరు వచ్చారో, ఎవరు శిలువ గుర్తు వేసుకున్నారో తీస్తున్నారు. నేను పక్కకు వెళ్లి ఆ అమ్మాయికి ఫోన్ చేసి, రావద్దమ్మా అన్నాను. భయపడొద్దని జీవితమంతా రాసిన నేనే, భయపడమని చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేసింది. గదిలో చదువుకున్న ఇంకెంతమంది అలాగే ఆగిపోయారో తెలియదు. మొయ్యడానికి మనుషులు చాలక నేనూ ఒక పక్క పట్టాను. ఏమీ నమ్మనివాణ్ని కదా, నా ఫొటోతో ఎవరికీ పనిలేదు.

సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"నేను వచ్చినానన్నా. బస్సులో. రాప్తాడుకు పోతా ఒకసారి చూస్తి, తిరిగి వస్తా ఒకసారి చూస్తి. పోయేటప్పుడు మీరంతా మన్ను వేస్తాండ్రి. వచ్చేటప్పటికి ఎవరూ లేరు. కిటికీలోంచి చెయ్యి ఎత్తబోయి దించేస్తి, పక్కన ఆయమ్మ చూస్తాందని."

ఇది రాయనా అని అడిగాను. రాయమంది. "లేదన్నాడని రాయన్నా. ఇంక నాకుండే సాక్ష్యం అదే." అచ్చుకు ఇచ్చే ముందు ఆమె చదివింది. రెండు చోట్ల కొట్టేయమంది, కొట్టేశాను.

నాకు చేతనయింది ఇంతే. అందుకని అడుగుతున్నాను.

ఒకటి. అధికారులారా, ఆయన సంతకం చేసిన ఉత్తరాన్ని సాక్ష్యంగా తీసుకోండి. చనిపోయిన మనిషిని హాజరు కమ్మనకండి.

రెండు. ఆ అమ్మాయి ఫైలు మూసి, ఉద్యోగం ఇవ్వండి.

మూడు. కులం కాగితం ఇచ్చే చోట దేవుడి సంగతి అడగడం మానండి. నియమం అడ్డమైతే నియమం మార్చండి.

నాలుగు. రాళ్లు కోసే షెడ్లలో దుమ్ము అణిగేలా నీళ్లు పెట్టండి. కూలీల ఊపిరితిత్తులను ఏటా డాక్టర్లకు చూపించండి.

ఐదు. బిషప్ గారూ, ఆ గదికి తాళం వెయ్యకండి. ఐదో మనిషిని పంపండి. ఏ పని చేసి వచ్చినవాడైనా సరే.

ఆరు. ఇది అబద్ధం చెప్పిన మీకు, విని ఊరుకున్న మీకు. ఏదో ఒక రోజు ఆ అమ్మాయి బస్సు దిగి ఆ మట్టి దగ్గరికి నడిచి వస్తుంది. రానివ్వండి.