తాళం వేసిన గదిలో పిల్లి పురుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ నవ్వే. కోదాడలో మా చిన్నమ్మకు మేడ మీద తెల్లటి ఆకారం కనిపించి ఇంటిల్లిపాదీ హడలిపోతే, పైకి వెళ్లి అది మా బాబాయి లుంగీ అని తేల్చి, మడతపెట్టి తెచ్చింది నేనే. ఇప్పటికీ దయ్యాలున్నాయని ఒప్పుకోను. కానీ మిర్యాలగూడలో ఒక మధ్యాహ్నం జరిగినదాన్ని ఏమనాలో మాత్రం నాకు తెలియడం లేదు.

మా ఆయన రైస్ మిల్లులో పనిచేస్తాడు. మిల్లుకు దగ్గరని ఒక ఇంట్లో వెనక పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. ముందు పోర్షన్‌లో ఇంటి ఓనరు లచ్చమ్మ పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. రెండింటికీ మధ్య ఒక చిన్న గది, దానికెప్పుడూ తాళం. పాత సామానుందని చెప్పింది. నేనూ ఆరా తీయలేదు.

ఆ ఎండాకాలం ఒక బూడిదరంగు వీధిపిల్లి మా గుమ్మం దగ్గర తిష్ఠ వేసింది. కడుపు నేలకు తగిలేంత నిండుగా ఉంది. పాలన్నం పెట్టాను. పెద్దమ్మకు అది నచ్చలేదు.

"దాన్ని అలవాటు జేస్తున్నవ్ గని, రేపు ఇంట్లనే ఈనుతది సూడు. ఎల్లగొట్టు బిడ్డా."

వెళ్లగొట్టలేదు. అట్టపెట్టెలో గోనెసంచి, దాని మీద నా పాత చీర పరిచి వంటింటి మూలన పెట్టాను. నిజం చెప్పాలంటే అది ఒట్టి జాలి కాదు. అంతకు ముందటి ఏడాది ఆరో నెలలో నా కడుపు పోయింది. దీనికైనా సుఖంగా కాన్పు కావాలని మొండిపట్టు పట్టాను.

పెద్దమ్మ చుట్టాల పెళ్లికని సూర్యాపేట వెళ్లిన రోజే పిల్లికి నొప్పులు మొదలయ్యాయి. ఎప్పటిలాగే తాళంచెవుల గుత్తి బొడ్లో దోపుకుని వెళ్లిందావిడ. పిల్లి పెట్టెలో పడుకోవడం, లేవడం, సంచిని గీరడం, మళ్లీ పడుకోవడం. ముక్కుతోంది గానీ ఏమీ రావడం లేదు. దాంతోపాటు నేనూ కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాను. పొయ్యి మీద అన్నం మాడిపోయింది. మధ్యాహ్నానికి దాని వెనక నుంచి ఒక చిన్న కాలు మాత్రం బయటికొచ్చి, అక్కడే ఆగిపోయింది.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. త్రిపురారం వైపు ఉన్నానని, సాయంత్రానికి గానీ రాలేనని అన్నాడు. చేత్తో లాగొద్దని, లాగితే తల్లి కూడా పోతుందని చెప్పాడు.

ఫోన్ పెట్టి తిరిగి చూస్తే పెట్టె ఖాళీగా ఉంది.

మంచం కింద, బాత్రూంలో, బట్టల మూట వెనక, అంతా వెతికాను. అప్పుడు వినిపించింది అరుపు, తాళం వేసిన గదిలోంచి. ఆ గది వెంటిలేటర్‌కు జాలీ చిరిగి ఉంది. ఆ స్థితిలో గోడ ఎలా ఎక్కిందో, అందులోంచి లోపలికి ఎలా దూకిందో!

మా ఆయనకు ఫోన్ చేస్తే మిల్లు మోతలో ఎత్తలేదు. పెద్దమ్మ ఎత్తింది గానీ అప్పుడే బస్సెక్కుతోందట. పచ్చడిబండ తెచ్చి తాళం మీద బాదాను. నా వేలు నలిగింది తప్ప తాళం కదల్లేదు. లోపల అది అరుస్తూనే ఉంది. నా వల్లే చచ్చిపోతోందని అనిపించింది. చేసేదేమీ లేక తలుపుకు వీపానించి కింద కూలబడ్డాను.

కాసేపటికి లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. ముసలి ఆడగొంతు, మెల్లగా, తొందర లేకుండా.

"ఊపిరి వట్టు... ఆఁ, ఇగ ఇడువు... ఇంకొక్కపారి, బిడ్డా."

ముందు టీవీ అనుకున్నాను. కానీ పొద్దుటి నుంచీ మా వీధిలో కరెంటు లేదు. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. తలుపు సందులోంచి వాము, వెల్లుల్లి పొట్టు కాల్చిన వాసన వచ్చింది. బాలింతకు పెట్టే పొగ అది. ఎవరికైనా తెలిసిన వాసనే. తర్వాత అరుపు ఆగిపోయింది. ఆ తర్వాత సన్నగా, కీచుమంటూ పిల్లల గొంతులు.

పెద్దమ్మ వచ్చి, తుప్పు పట్టిన తాళంలో కొబ్బరినూనె పోస్తే గానీ చెవి తిరగలేదు. లోపల నిప్పు లేదు, కుంపటి లేదు. నేల మీద దట్టంగా దుమ్ము. ఆ దుమ్ములో పిల్లి అడుగులు తప్ప ఇంకే అడుగూ లేదు. పాత బొంత మీద పిల్లి పడుకుని ఉంది, మూడు పిల్లలు పాలు తాగుతున్నాయి.

మూడింటికీ బొడ్డు దారంతో కట్టి ఉంది. పసుపు రాసిన దారం.

పెద్దమ్మ ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అలాగే గడప మీద కూర్చుండిపోయింది.

"ఇది మా అత్త ముడి. రెండు సుట్లు సుట్టి, కొస ఎనక్కి మలిపి ఏస్తది. మంత్రసానామె. ఈ అర్రలనే ఉంటుండె. సచ్చిపోయి శాన ఏండ్లాయె. నేర్పమని ఎంత అడిగినా నాకు నేర్పలే."

సాయంత్రం డాక్టరు వచ్చి మూడింటినీ చూసి, కాలు ముందొచ్చిన పిల్ల బతకడం అదృష్టమన్నాడు. బొడ్డు ఎవరు కట్టారమ్మా, బాగా కట్టారన్నాడు.  పెద్దమ్మ తన చీరే తెచ్చి పిల్లి కింద పరిచింది. ఆ గదికి మళ్లీ తాళం వేయలేదు.

ఆ గదిలో దారం ఎక్కడైనా ఉందేమోనని బొంత దులిపి మరీ వెతికాను, దొరకలేదు. పిల్లి ఏదో దారంలో చిక్కుకుని ఉంటుందంటాడు మా ఆయన. మూడు బొడ్లకూ ఒకేలాగా చిక్కుకుందా అంటే మిల్లుకు టైమైందని లేచిపోతాడు.  నేనైతే ఎన్నిసార్లు ఆలోచించినా ఆ తలుపు దగ్గరికొచ్చి ఆగిపోతాను.

విన్నవాళ్లంతా ఒకటే అడుగుతారు, భయం వేయలేదా, లేచి ఎందుకు పరుగెత్తలేదు అని. నా నొప్పుల రోజున ఆస్పత్రిలో అరవకు, అరవకు అన్నవాళ్లే తప్ప నాతో అంత మెత్తగా మాట్లాడినవాళ్లు లేరు. ఆ గొంతు పిల్లితో మాట్లాడుతోందని నాకు తెలుసు. అయినా ఊపిరి పట్టమన్నప్పుడల్లా నేనూ పట్టాను. విడవమన్నప్పుడు విడిచాను.